నేరం అనే చోట

కైసరయ న్యాయసభలో లేఖకుణ్ణి నేను.
పేరు మల్కియోను. సిరియావాణ్ణి,
సంతలో కొనుక్కొచ్చినవాణ్ణి.
చెక్కపలక మీద మైనం, మైనం మీద ఇనప ములుకు,
అంతే నా బతుకు.
పొద్దుగూకితే పలకను దీపం మీద కాచి
పగటి మాటలన్నీ చదును చేసేవాణ్ణి.
ఎందరి గోడో నా బొటనవేలి కింద
మెత్తబడి, చల్లారి, గట్టిపడింది.

మెనహేమును తెచ్చిన నాడు
సముద్రం హోరుకి సాక్షుల మాట వినబడలేదు.
తూరు రేవులో వలలు బాగుచేసుకునేవాడట.
సిలువ మీద చచ్చినవాడు లేచాడని
రేవు రేవుకీ చెప్పుకుంటూ తిరిగాడట.
పొట్టి మనిషి. ఎడమ కన్ను కాస్త మెల్ల.
సంకెళ్లు మాత్రం ఎవడో పొడుగువాడికి చేసినవి.
వాడు ముందు వచ్చాడు,
అవి వెనకాల నేల గీరుకుంటూ వచ్చాయి.

అధిపతికి ఆ రోజు పంటి నొప్పి.
దవడకు వేడి ఇసుక మూట అదుముకుని కూర్చున్నాడు.
ఫిర్యాదుదారులు ముగ్గురు, ముగ్గురివీ మూడు కథలు.
"నువ్వేమంటావ్?" అన్నాడు అధిపతి, మూలుగుతూ.
"అయ్యా, ముందు ఆ పన్ను సంగతి చూడండి.
నేనెక్కడికి పోతాను?"
సభంతా గొల్లుమంది.
నవ్వుకు గుర్తు లేదు నా లిపిలో.
వదిలేశాను.

తర్వాత రెండేళ్లు, వాయిదా మీద వాయిదా.
రాత్రిళ్లు పిలిపించేవాడు అధిపతి,
చెయ్యి తడుపుతాడేమోనని.
వాడి దగ్గర తడపడానికి ఏముంది?
లేచినవాడు తెల్లవారుజామున ఒడ్డున
చేపలు కాల్చిపెట్టిన సంగతి చెప్పేవాడు,
ఆ పొగ వాసనతో సహా.
అధిపతి ఆవులించేవాడు.
ఒక్కసారి మాత్రం, దీపం కొండెక్కింది.
వెలిగించమని ఎవరూ అనలేదు.
చీకట్లో ముగ్గురం కూర్చున్నాం.
చీకట్లో రాయడం నాకు రాదు.
ఆ రాత్రి ఎవరేం మాట్లాడారో ఎక్కడా లేదు.

కొత్త అధిపతి వచ్చాడు. కుర్రవాడు, తొందర మనిషి.
"రోముకు పంపేద్దాం, పీడా పోతుంది.
నేరం అనే చోట ఏం రాశావు?"
"ఏమీ రాయలేదు ప్రభూ."
"అల్లరి అని రాయి."
రాశాను.
"కాదు, చెరుపు. దైవదూషణ.
ఏ దైవం అంటారేమో... చెరుపు. రాజద్రోహం."
అంటూ కిటికీ లోంచి చూశాడు.
వాకిట్లో మెనహేము, కావలివాడి చిరిగిన సంచిని
వల కుట్టే ముడితో కుడుతున్నాడు.
కావలివాడు పక్కన గొంతుక్కూర్చుని
సూదికి దారం ఎక్కిస్తున్నాడు.
చాలాసేపు చూశాడు కుర్ర అధిపతి.
"చెరుపు," అన్నాడు.

గాలి మారకముందే ఓడ కదలాలి.
ఆ చోటు ఖాళీగానే ఉత్తరానికి ముద్ర పడింది.
ఎందుకు వెళ్లానో, నేనూ రేవుదాకా వెళ్లాను.
"ఖాళీగా వదిలేశావట?" అన్నాడు మెల్లకన్నుతో,
నన్ను చూస్తున్నాడో సముద్రాన్నో తెలియలేదు.
"ఏం రాయాలో తోచలేదు."
"దానికేం, అక్కడివాళ్లకు తోస్తుందిలే."
అని తెరచాప నీడలోకి నడిచాడు,
సంకెళ్లు ఇంకా గీరుకుంటూనే.

తర్వాతేమైందో నాకు తెలియదు.
నూనె వర్తకుడొకడు బతికే ఉన్నాడన్నాడు.
ఇంకొకడు మెడ మీద చేత్తో గీసి చూపాడు.

మొన్న మైనం పాతబడిపోయిందని
మొత్తం గీకి పారేశాను.
కింద చెక్క బయటపడింది.
చెరిపాననుకున్నవన్నీ అక్కడున్నాయి:
గుర్రం దొంగ, పన్ను ఎగ్గొట్టిన వితంతువు,
యజమానిని పొడిచిన బానిస,
గీత మీద గీత, ఎవరిదేదో విడదీయలేనంతగా.
ములుకు మైనం దాటి లోపలికి దిగుతుందని
ఇన్నేళ్లూ నేను ఎరగను.

నేరం అనే చోట వేలితో తడిమాను,
చూపు ఆనడం లేదు కనక.
వాడి తర్వాత ఆ పలక వాడలేదు నేను.
వాడికోసమే కొత్తగా తీసిన పలక ఇంకొకటుంది.
దానికీ మైనం ఒలిచాను.
మూడుసార్లు రాసిన చోట
నున్నగా ఉంది చెక్క.

చెయ్యి అంత తేలిగ్గా ఆనించానా ఆ రోజు?
భయం వల్లనా, బద్ధకం వల్లనా,
మరింకేదైనానా?
నన్నెవరూ విచారణకు పిలవలేదు.